అక్క పెళ్ళికి రెండు గట్టిమేళాలు

ఆ రోజుల్లో పాటల గురించి నాకు తెలియనిది లేదని నాకొక గట్టి నమ్మకం ఉండేది. తిరుపతిలో డిగ్రీ రెండో ఏడాది చదువుతుండగా కాలేజీ వార్షికోత్సవంలో లలితగీతానికి రెండో బహుమతిగా ఒక స్టీలు టిఫిన్ డబ్బా గెలిచానులెండి, ఆ నమ్మకానికి ఆధారం అదే. (పోటీలో పాడింది ఇద్దరమేనన్న సంగతి నేను ఇంట్లో చెప్పలేదు, వాళ్ళూ అడగలేదు.) మా నాయనకు పశువుల దాణా అంగడి ఉండేది. ఆయన రోజూ ఆ డబ్బాలోనే పెరుగన్నం పెట్టించుకుపోయి, తవుడు కొనడానికి వచ్చిన వాళ్ళందరికీ మూత తీసి, "మా చిన్నపాప పాడి గెలిచిందప్పా" అని చూపించేవాడు. వాళ్ళు పాపం లోపలున్న పెరుగన్నం చూసి తల ఊపేవాళ్ళు. అందుకే మా అక్క పెళ్ళి కుదిరి, వంటలు అమ్మకు, పత్రికలు నాయనకు, మండపం మా నగరి మామకు పంచినప్పుడు, సంగీతం శాఖ అడగకుండానే నా ఒళ్ళో వచ్చి పడింది. మంత్రిపదవి దొరికినంత సంబరపడి, ఆ క్షణం నుంచే ఇంట్లో అందరితో కొంచెం గంభీరంగా మాట్లాడడం మొదలుపెట్టాను.

అక్క గురించి ముందు చెప్పాలి. చిన్నప్పుడు వచ్చిన ఒక పాడుజ్వరం ఆమె ఎడమ చెవిని పూర్తిగా, కుడి చెవిని ముప్పాతిక పట్టుకుపోయింది. కుడి చెవికి మిషను పెట్టుకునేది. మిగతా లోకాన్నంతా ఎదుటివాళ్ళ పెదవులు చూసి చదివేసేది. ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. వెనక బెంచీలో ఎవరైనా గుసగుసలాడితే బోర్డు దగ్గర నుంచే, "సినిమాకు మీరిద్దరే పోతే ఎట్లరా, నన్నూ పిలవండి" అనేది. పిల్లలు ఆమెకు సీసీ కెమెరా అని పేరు పెట్టారు. (ఆ పేరు కూడా వాళ్ళు రహస్యంగా పెట్టుకున్నదే, ఆమె వాళ్ళ పెదవుల మీద చదివినదే.) నాకు రెండు చెవులూ శుభ్రంగా పనిచేసేవి. అయినా అమ్మ మూడుసార్లు పిలిస్తే గానీ పలికేదాన్ని కాదు. అక్కను అమ్మ పిలవాల్సిన అవసరమే ఉండేది కాదు, అమ్మ నోరు తెరవబోతుండగానే లేచి నిలబడేది. అక్కను చూసి జాలిపడడానికి వచ్చిన చుట్టాలు ఒకరిద్దరు, కాసేపు కూర్చున్నాక జాలి సంగతి మర్చిపోయి, తమ గుట్టు ఎక్కడ బయటపడుతుందోనని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వెళ్ళిపోవడం నేను చూశాను.

సంబంధం గూడూరుది. నిమ్మకాయల వ్యాపారం చేసే కుటుంబం. చెవుల సంగతి, మిషను సంగతి ముందే చెప్పాం, వాళ్ళు సరేనన్నారు. పెళ్ళిచూపుల రోజు మా కాబోయే బావ హాలు అవతలి చివర కూర్చుని, పక్కనున్న వాళ్ళ అవ్వ చెవిలో మెల్లగా, "అవ్వా, పిల్ల బాగుండాది గానీ ఉప్మాలో ఉప్పు మర్చిపొయినారు" అన్నాడు. ఈ చివర నుంచి మా అక్క, "ఉప్పుగిన్నె మీ పక్కనే ఉండాది, ఏసుకోండి" అంది. ఆయన కొయ్యబారిపోయి, తరువాత పొలమారేదాకా నవ్వాడు. ఆ ఇంట్లో అందరూ భయపడేది ఆ అవ్వకే. ఆమె మా అక్కను ఎగాదిగా చూసి, "ఈ పిల్ల ముందర మనం ఏమీ మాట్లాడుకునేదానికి లేదు గదరా" అని, అదే నోటితో తాంబూలాలు పుచ్చుకుందాం అంది. ఆమెను మేము గూడూరు అవ్వ అనడం ఆ రోజు నుంచే మొదలైంది.

సంగీతం శాఖ నాదే కాబట్టి పెళ్ళికూతురి కోరికలు కనుక్కోవాలని పెన్నూ కాగితమూ పట్టుకుని అక్క దగ్గరికి వెళ్ళాను. అక్క కోరింది ఒక్కటే. "మే, వీణలూ వేణువులూ నాకొద్దు. మిషన్లో అవి చీమలు పాకినట్టుంటాయి. డోలు అట్ల కాదు, డోలు నాకు ఈడ వినిపిస్తాది" అని గుండె మీద చెయ్యి పెట్టుకుంది. "తాళి కట్టేటప్పుడు నేను తల వంచుకోనుంటా. ఎవురి నోరూ కనపడదు. మేళమన్నా వినపడాల. నా పెళ్ళి అయిందని నాకు ఇంకొకరు చెప్పకూడదు" అంది. ఆ మాట చెప్పేటప్పుడు అక్క నవ్వలేదు. అన్నిటికీ నవ్వే మనిషి నవ్వకపోయేసరికి నేను కాగితం మడిచి పెట్టేశాను. ఆకాశం కిందపడినా సరే, అక్క వెనక చేతికందే దూరంలో డోలు మోగిస్తానని మాటిచ్చాను.

మాటిచ్చిన రెండో రోజే గూడూరు నుంచి ఫోనొచ్చింది. వాళ్ళు కోరింది కూడా ఒక్కటే. అవ్వకు డోలు శబ్దం పడదు, తల పగిలిపోతుంది. మేళాన్ని మండపం గుమ్మం దగ్గర కూర్చోబెట్టి, పందిట్లో స్పీకరులో మెత్తగా వేణువు పెట్టమన్నారు. నాయన రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. "కట్నమా అడగలేదు, కారా అడగలేదు. పెద్దామె నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే. కాదని ఎట్ల అనేది తల్లీ?" అన్నాడు. అక్కకు డోలెందుకో అవ్వకు చెప్పేద్దామని నేనన్నాను. అక్క ఒప్పుకోలేదు. "చెవుల పేరు చెప్పి నేను ఏదీ అడగను మే. కొత్తింట్లో కాలు పెట్టకముందే జాలి మూట కట్టుకొని పోయేదానికా?" అంది. ఇటు అక్క, అటు అవ్వ, మధ్యలో టిఫిన్ డబ్బా గెలుచుకున్న నేను. ఇది చాలదన్నట్టు మా కుటుంబం వాట్సాప్ గుంపులో రిసెప్షన్ పాటల మీద యుద్ధం నడుస్తోంది. నాయనకు భక్తిపాటలు కావాలి, నగరి మామకు అరవపాటలు కావాలి, ఎవరో దూరపు చుట్టం రోజూ పొద్దున ఒక గులాబీపువ్వు బొమ్మ తప్ప ఏమీ పెట్టేవాడు కాదు.

అక్కనూ నగరి మామనూ వెంటబెట్టుకుని కార్వేటినగరం పోయాను. అక్కడ పేరున్న మేళం ఒకటుంది. దాని పెద్దాయన నాదస్వరం, ఇద్దరు కొడుకులు డోళ్ళు. అక్క వాళ్ళ ఇంటి వసారాలో కూర్చుని, "నేను ఆనుకోని సూడొచ్చా?" అని అడిగి, డోలు చట్రానికి అరచెయ్యి ఆనించింది. పెద్దకొడుకు వేళ్ళకు తొడుగులు బిగించుకుని ఒక్క దెబ్బ వేశాడు. వసారాలోని పిల్లి గోడ దూకి పారిపోయింది. తరువాత అతను ఆగలేదు. నెమ్మదిగా మొదలుపెట్టి, ఊపందుకుని, నా పళ్ళు కూడా జలదరించేలా వాయించాడు. అక్క కళ్ళు మూసుకుని కూర్చుంది. ఆమె మొహంలో అంత హాయి నేను అంతకుముందు చూడలేదు. ఇన్నేళ్ళూ మేమంతా పాటలు వింటూ తలలూపుతుంటే పక్కన కూర్చుని మా మొహాలు చూసి నవ్విన మనిషి, ఆ రోజు తన కోసం తాను విన్నది. నాకు ఏడుపొచ్చింది. దాన్ని దాచుకోవడానికి బేరం మొదలుపెట్టాను.

నా పథకం ఏమిటంటే, పెళ్ళిపీటల వెనక నిలబెట్టే పూల అలంకారం ఉంటుంది కదా, దాని వెనక మేళాన్ని దాచేయడం. అవ్వకు కనపడదు, గుమ్మం దగ్గర ఉందనుకుంటుంది. మిగతా సమయమంతా స్పీకరులో వేణువు. తాళి కట్టేటప్పుడు మాత్రం పూల వెనక నుంచి గట్టిమేళం. ఆ కాసేపు ఎంత చప్పుడైనా ఎవరూ ఏమీ అనరు. ఎవరైనా తుమ్మినా, ఏడ్చినా, కానిమాట అన్నా పెళ్ళివాళ్ళ చెవిన పడకూడదనే కదా గట్టిమేళం పెట్టింది! పెద్దాయనకు రోషమొచ్చింది. "మేమేమన్నా దొంగలమా పాపా, పూల ఎనకాల దాక్కునేదానికి?" అన్నాడు. నగరి మామ ఆయన్ను పక్కకు తీసుకుపోయి సగం తెలుగులో సగం అరవంలో ఏదో బతిమాలాడు. చివరికి ఆయన మెత్తబడి ఒక షరతు పెట్టాడు. "పందిరి కనపడకపోతే తాళి కట్టేది మాకెట్ల తెలిసేది? గట్టిమేళం అని గట్టిగా కేకేయాల. కేక పడిందంటే ఇంక నన్ను ఆ దేవుడు కూడా ఆపలేడు." నాకు అంతకన్నా కావాల్సింది ఏముంది? తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నా తెలివికి నేనే మురిసిపోతూ కూర్చున్నాను.

మా వైపు రిసెప్షన్ పెళ్ళికి ముందురోజు సాయంత్రమే జరుగుతుంది. చిత్తూరు నుంచి పాటకచ్చేరి వాళ్ళను పిలిపించాను. భక్తిపాటతో మొదలుపెట్టి, పెద్దవాళ్ళ పాటలు, చిన్నవాళ్ళ పాటలు, మధ్యలో మామకు ఒకే ఒక్క అరవపాట అని వరస రాసిచ్చాను. భక్తిపాట పూర్తికాకముందే మామ వేదిక ఎక్కి మైకు అందుకున్నాడు. ఆ తరువాత ఆయన చేతిలో నుంచి మైకు తీసుకోవడం ఎవరి వల్లా కాలేదు. స్పీకర్లు ఎంత పెద్దవంటే, బహుమతి ఇవ్వడానికి వచ్చిన వాళ్ళు ఫోటోలో నవ్వలేక మొహాలు చిట్లించుకున్నారు. గూడూరు అవ్వ రెండు చెవుల్లోనూ దూది పెట్టుకుని, మా అమ్మ వైపు కోర్టులో జడ్జీలా చూసింది. అక్క మాత్రం మిషను తీసి పర్సులో వేసుకుని, దేవతలా చిరునవ్వుతో నిలబడింది. "పెళ్ళికూతురికి ఎంత ఓర్పమ్మా!" అని అందరూ మెచ్చుకున్నారు.

తెల్లవారింది. మండపం మాట్లాడింది నగరి మామ అని చెప్పాను కదా, ఆయన మాకు చెప్పని సంగతి ఒకటుంది. అది ఒకే హాలు కాదు, మధ్యలో చెక్కగోడ పెట్టి రెండు చేసిన హాలు. తిరుపతిలో మంచి ముహూర్తం వస్తే ఒక్కో మండపంలో రెండేసి పెళ్ళిళ్ళు మామూలే. గోడ అవతల కూడా అదే ముహూర్తానికి ఇంకో పెళ్ళి జరుగుతోంది. పొద్దున్నే అటునుంచి సన్నాయి వినిపిస్తే, "బాగా వాయిస్తున్నారే" అని మెచ్చుకున్నానే తప్ప, నా బుర్రకు ఇంకేమీ తట్టలేదు. మా పందిట్లో అంతా నేననుకున్నట్టే ఉంది. స్పీకరులో వేణువు. ముందు వరసలో అవ్వ, దూది లేకుండా, ప్రసన్నంగా. పూల వెనక మా మేళం, ఊపిరి బిగబట్టుకుని. పీటల మీద అక్క. నేను వేదిక పక్కన, అక్కకు అడుగు దూరంలో, సేనాధిపతిలా చేతులు కట్టుకుని నిలబడ్డాను.

అయ్యవారు మంగళసూత్రాన్ని పళ్ళెంలో కొబ్బరికాయ మీద పెట్టి, పెద్దలందరి చేతా తాకించి తెమ్మని నగరి మామకు ఇచ్చాడు. మామ ఒక్కో వరసా తిరుగుతూ, ఒక్కొక్కరినీ పలకరిస్తూ, రాత్రి తన పాట ఎలా ఉందో కనుక్కుంటూ వెనక వరసల దాకా వెళ్ళాడు. సరిగ్గా అప్పుడు, గోడ అవతల నుంచి ఎవరో మహానుభావుడు గొంతు చించుకుని అరిచాడు.

"గట్టిమేళం! గట్టిమేళం!"

పూల వెనక మా పెద్దాయన మాట తప్పే మనిషి కాదు. నాదస్వరం ఒక్కసారి ఎగసింది. డోళ్ళు రెండూ పిడుగులు పడ్డట్టు మోగాయి. పూలతెర ఊగి బంతిపూలు రాలాయి. నేను చేతులు అడ్డంగా ఊపుతూ, "ఆపండి, ఇప్పుడు కాదు" అని అరిచాను. నా అరుపు నాకే వినపడలేదు. జనం సంగతి చెప్పనక్కరలేదు, మేళం మోగితే అక్షింతలు వెయ్యడం మనవాళ్ళకు అలవాటు, పీటల మీద ఏం జరుగుతోందని ఎవరు చూస్తారు? నాలుగు వైపుల నుంచీ అక్షింతలు కురిశాయి. అక్క డోలు వినగానే కళ్ళు మూసుకుని తల వంచింది. వంచి, మెడ మీద చేతులు పడతాయని ఎదురుచూసింది. బావ చేతుల్లో ఏముంది, ఆయన ఖాళీ చేతులు చూసుకుంటున్నాడు. ఇక వెనక వరసలవాళ్ళు అక్షింతలు వేసిన చేత్తోనే లేచి, మొదటి బంతిలో చోటు కోసం భోజనాల హాలు వైపు కదిలారు. ఆ కదిలిన జనం మధ్యలో, పళ్ళెం తలపైకి ఎత్తి పట్టుకుని, నోరు తెరిచి ఏదో అరుస్తూ, మా నగరి మామ కూడా తాళితో సహా భోజనాల హాల్లోకి కొట్టుకుపోవడం నేను కళ్ళారా చూశాను.

మేళం ఆగింది. పందిట్లో సగం కుర్చీలు ఖాళీ. అవ్వ లేచి నిలబడి, "తాళి యాడ?" అని అడిగింది. గూడూరు వాళ్ళలో ఎవరో, "తాళి లేకుండానే గట్టిమేళమా, ఇదేం శకునమో" అని గొణిగారు. ఆ మాట ఒక వరస నుంచి ఇంకో వరసకు పాకుతుంటే నాయన మొహం తెల్లబోయింది. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నేను ఏడుపుకు సిద్ధమయ్యాను. అప్పుడు అక్క నవ్వింది. మామూలుగా నవ్వడం కాదు, తలలోని జీలకర్రా బెల్లం జారేలా, తలంబ్రాల పళ్ళెం పట్టుకుని మరీ నవ్వింది. మరుక్షణం బావ నవ్వాడు. పీటల మీద కూర్చున్న ఇద్దరూ అలా నవ్వుతుంటే శకునం గురించి గొణిగిన వాళ్ళకు ఏం చెయ్యాలో తెలియలేదు. అక్క కళ్ళు తుడుచుకుని అవ్వ వైపు తిరిగింది.

"ఇంకోసారి వాయించమనండవ్వా" అంది. "మొదటిది నాకు సగమే వినబడింది."

తన చెవుల మాట తానే, అంతమందిలో, అంత తేలిగ్గా అనేసిన అక్కను చూసి నేను నోరు తెరిచాను. ఆమె అక్కడితో ఆగలేదు. "వేణువు నాకు వినపడదవ్వా. డోలొకటే బాగా వినిపిస్తాది. అందుకని మీకు తెలీకుండా ఎనకాల పెట్టించుకున్నా. మా చెల్లెల్ని ఏమీ అనొద్దు" అని చేతులు జోడించింది. జాలి అడగలేదు, సాకు చెప్పలేదు. అవ్వ పీటల దగ్గరికి వచ్చింది. "అదేందమ్మణ్ణీ, ఈ మాట ముందే చెప్పుంటే నా తలనొప్పికి ఒక మాత్ర ఏసుకోనుంటా గదా" అంది. ఆ తరువాత ఆమె నడుం బిగించిన తీరు చూడాలి. "ఎవురప్పా ఆ పూల ఎనకాల? ముందరికి రాండి. మొగం సూపించకుండా వాయిస్తే ఇట్లనే ఉంటాది" అని కేకేసింది. తలల మీద బంతిరేకులతో మేళంవాళ్ళు బయటికి వచ్చారు. అవ్వ వాళ్ళను తెచ్చి అక్క వెనకే కూర్చోబెట్టింది. "ఎవురి నోటినీ నమ్మొద్దు. నా చెయ్యి సూసి వాయించండి" అంది. ముహూర్తం ఇంకా ఉందని అయ్యవారు అభయమిచ్చాడు. అమ్మ వంటింట్లోకి పరిగెత్తి బియ్యానికి పసుపు కలిపి కొత్త అక్షింతలు చేసింది. నేను మామ కోసం పరిగెత్తాను.

భోజనాల హాల్లో మామ రెండు బంతుల మధ్య ఇరుక్కుని ఉన్నాడు. తాళిపళ్ళెం కింద పెట్టకూడదు కనుక ఎత్తి పట్టుకునే ఉన్నాడు. వడ్డించేవాడు ఆయన ముందు ఆకు వేసి పొంగలి కూడా పెట్టేశాడు. ఒక పెద్దాయన ఎంగిలిచేత్తో తాళిని తాకి దీవిస్తానని లేస్తే, మామ పళ్ళెం ఇంకా పైకెత్తి, "వద్దు పెదనాయనా, ఆడినుంచే దీవించు, సాలు!" అని బతిమాలుతున్నాడు. "తాళింకా కట్టలేదు, అందరూ రండి" అని నేను అరిస్తే జనం ఆకుల్లో పొంగలి వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశారు. చెప్పకేం, అందరూ లేచారు. ఆకలి మీద లేచి వచ్చిన ఆ చుట్టాలంతా నాకు ఆ రోజు నుంచి మంచివాళ్ళే.

రెండోసారి బావ చేతుల్లో తాళి ఉంది. అవ్వ వేదిక మీద నిలబడి, అది అక్క మెడలో పడడం కళ్ళారా చూసుకుని, చెయ్యి పైకెత్తింది. కార్వేటినగరం పెద్దాయన మొదటిసారి మోసపోయిన కసినంతా రెండోసారి చూపించాడు. ఆ డోళ్ళ దెబ్బకు పీటలు అదిరాయి. అవ్వ ఒక చేత్తో కణత నొక్కుకుంటూ, రెండో చేత్తో ఇంకా గట్టిగా, ఇంకా గట్టిగా అని సైగ చేస్తూనే ఉంది. అక్క తల వంచుకునే ఉంది. ఆమె భుజాలు డోలు దెబ్బకు దెబ్బకూ తాళంలో కదులుతున్నాయి. ఆమె పెళ్ళయిందని ఆమెకు ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది.

ఇదంతా జరిగి చాలా ఏళ్ళయింది. ఇప్పటికీ ఎవరింట్లో పెళ్ళయినా పాటల గురించి నన్ను సలహా అడుగుతారు, నేనూ గంభీరంగా చెబుతాను. మొన్న గూడూరు పోయినప్పుడు, మాటల్లో ఆ గట్టిమేళం సంగతి వస్తే, "ఆ రోజు నువ్వు నవ్వబట్టి సరిపోయిందక్కా, లేకపోతే ఏమయ్యేదో" అన్నాను. అక్క, "నా అంతట నేను నవ్వినాననుకున్నావా? మీ బావ అడిగితే నవ్వినా" అంది. మొదటి మేళం మోగుతుండగా ఆమె తలెత్తి చూస్తే, బావ పెదవులు బిగబట్టుకుని, "నాకు నవ్వు ఆగేట్టు లేదు. నువ్వు నవ్వితే నేనూ నవ్వుతా" అన్నాడట. ఆయన ఆమెతో పందిట్లో మాట్లాడిన మొదటి మాట అదేనట. నేను నమ్మలేకపోయాను. "నేను మీ పక్కనే ఉన్నా కదే, నాకేమీ వినపడలేదే!" అన్నాను.

"అంత మేళంలో ఎట్ల వినపడతాది మే" అంది అక్క, నా బుగ్గ గిల్లి. "నీకు ఉండేది చెవులే గదా."

పెళ్ళి సంగీతమంతా తన చేతిలోనే ఉందనుకుంటూ ఆ పందిట్లో చేతులు కట్టుకుని నిలబడ్డ ఆ పిల్లను తలచుకుని నవ్వుకున్నాను. ఆ పెళ్ళిలో అన్నిటికన్నా మంచి మాట, పాపం, ఆమెకు అడుగు దూరంలోనే జరిగిపోయింది.